పాలపన్ను

క్వోర్న్ దగ్గర, దక్షిణ ఆస్ట్రేలియా
మే నెల

వైశాలీ,

నేను క్షేమంగా ఉన్నాను. ముందు ఈ మాట చదువు, తర్వాత తిట్టు.

మెల్‌బోర్న్‌లో రెండోసారి కూడా డెంటల్ లైసెన్సు ప్రాక్టికల్ తప్పానని తెలిసిన రోజు నీకు ఫోన్ చేసి వస్తున్నానన్నాను. రాలేదు. అడిలైడ్‌లో దిగి, మీ మాసన్ లేక్స్ బస్సు బదులు ఉత్తరానికి పోయే బస్సెక్కాను. అది ఎక్కడికి పోతుందో టికెట్ తీసుకున్నాక చదివాను. మీ ఇంట్లో నా గది, క్లినిక్‌లో నీ పక్కన పేషెంట్ నోట్లో నీళ్ళు లాగే సక్షన్ గొట్టం పట్టుకుని నిలబడే నా ఉద్యోగం, రెండూ అలాగే ఉంటాయని నాకు తెలుసు. అలాగే ఉంటాయనే రాలేదు.

కొన్ని వారాలు ఊరూరా తిరిగాను. ఒక ఊళ్ళో వ్యవసాయ ప్రదర్శన జరుగుతుంటే ఆగాను. గొర్రెల బొచ్చు కత్తిరించే పోటీ అయ్యాక ఒక ముసలాయన వెడల్పాటి టోపీ పెట్టుకుని గుర్రం మీద వచ్చాడు. మెక్సికో మనిషి. పేరు డాన్ అన్సెల్మో. డాన్ అంటే మనం గారు అన్నట్టు. గుర్రాన్ని దౌడు తీయించి ఒక్కసారిగా నిలిపాడు. గుర్రం వెనక కాళ్ళ మీద కూర్చున్నట్టు జారి ఆగింది. నేల మీద రెండు గీతలు పడ్డాయి. ఆయన చెయ్యి కదిలినట్టు నాకు కనబడలేదు.

ఆట అయ్యాక దగ్గరికి పోయి, నాకు నేర్పుతారా అని అడిగాను. ఎప్పుడైనా గుర్రం ఎక్కావా అన్నాడు. నెల్లూరులో పెళ్ళి ఊరేగింపు గుర్రాన్ని కూడా తాకలేదన్నాను. "మంచిది. మరిచిపోవాల్సింది ఏమీ లేదు" అన్నాడు.

ఇప్పుడు ఆయన దగ్గరే ఉంటున్నాను. పొలం నడిపేది ఆయన కూతురు రోసారియో. పొద్దున పేడ ఎత్తి, మేత వేస్తాను. మధ్యాహ్నం పాఠం. నాలాగే తిరుగుతూ వచ్చి, కొన్నాళ్ళు నేర్చుకుని వెళ్ళిపోయినవాళ్ళు చాలామంది ఉన్నారట. ఎవరూ ఏడాది నిలవలేదని రోసారియో మొదటి రోజే చెప్పింది.

వీళ్ళ పద్ధతిలో లేత గుర్రం నోట్లో ఇనుము పెట్టరు. పచ్చితోలు పేని చేసిన పట్టీ ఒకటి ముక్కు మీదుగా తొడుగుతారు. దాన్ని హాకిమా అంటారు. దానికి గుర్రపు వెంట్రుకలతో పేనిన పగ్గం. పాలపళ్ళన్నీ ఊడి అసలు పళ్ళు నిండేదాకా, అంటే అయిదేళ్ళు వచ్చేదాకా ఇంతే. ఇనప కళ్ళెం ఆ తర్వాత. నోరు ఒకసారి పాడైతే మళ్ళీ రాదంటాడు డాన్. చదువు అయినప్పటి నుంచీ నోళ్ళలో చేతులు పెట్టి బతికినదాన్ని. నోట్లో చెయ్యి పెట్టకపోవడమే మొదటి పాఠమైన విద్య నాకు నచ్చింది.

ఇక్కడ ఫోన్ పనిచేయదు. టపా బండి మంగళవారం, శుక్రవారం వస్తుంది. రాయి.

లీల


మాసన్ లేక్స్, అడిలైడ్
జూన్ నెల

ఒసేవ్ లీలా,

నిన్ను తిట్టడానికి కవర్లు కొనుక్కోవాల్సి వచ్చింది. ఈ దేశంలో స్టాంపు ఎక్కడ అమ్ముతారో ఇన్నేళ్ళకి తెలిసింది.

నీ ఉత్తరం మా ఆయనకి చదివి వినిపించాను. "అయితే మీ ఫ్రెండు కౌబాయ్ అయిందా" అని నవ్వాడు బాలమురళి. కాసేపయ్యాక లేచి బయటికి వెళ్ళాడు. నువ్వు కనబడకుండా పోయినప్పుడు ఆసుపత్రులన్నిటికీ ఫోన్లు చేసింది ఆయనే. పోలీసు స్టేషన్‌కి వెళ్ళి నీ ఎత్తు, రంగు చెప్పింది కూడా ఆయనే. ఎత్తు తప్పు చెప్పాడనుకో.

ఇక పని మాట. నవంబర్‌లో మళ్ళీ పరీక్ష ఉంది. నీ పేరు మీద సీటు తీసుకున్నాను. అడగలేదేందే అని అనబాక, అడగడానికి నువ్వు ఎక్కడున్నావు? నీ వీసా మార్చితో అయిపోతుంది. ఈసారి కూడా తప్పితే నెల్లూరే. అది నీకూ తెలుసు, నాకూ తెలుసు.

ప్లాస్టిక్ దవడ, డ్రిల్లు తెచ్చి గరాజ్‌లో బిగించాను. మన బ్యాచ్‌లో నీ అంత శుభ్రంగా రూట్ కెనాల్ చేసినవాళ్ళు లేరు. వెనక ఎగ్జామినర్ నిలబడితేనే నీ చెయ్యి వణుకుతుంది. రోజూ నేను నీ వెనక నిలబడతాను. కావాలంటే మురళికి తెల్లకోటు తొడిగి ఆయన్నీ నిలబెడతాను.

ఆగస్టుకల్లా రా. అప్పటిదాకా గుర్రం ఎక్కితే ఎక్కు, కింద పడి చెయ్యి విరగ్గొట్టుకోబాక.

వైశాలి


క్వోర్న్ దగ్గర
జులై నెల

వైశాలీ,

నీ ఉత్తరం అందింది. సీటు సంగతి చదివాక కోపం వచ్చింది. తర్వాత పోయింది.

నాకు ఇచ్చిన గుర్రం పేరు కనేలా. వాళ్ళ భాషలో దాల్చినచెక్క. ఒంటి రంగు అదే. నేను నేర్చుకుంటున్నది దాన్ని ఆపడం. పరిగెత్తించడం ఎవరైనా చేస్తారంటాడు డాన్. ఆపాలంటే ముందు ఊపిరి వదలాలి. తర్వాత నడుము బరువు దించాలి. వేళ్ళు మూయడం చివర. వేళ్ళు మూయకముందే గుర్రం ఆగితే నేర్చుకున్నట్టు. పోయిన వారం ఆగింది. డాన్ నా వెనకే కంచె మీద కూర్చుని ఉన్నాడు. నా చెయ్యి వణకలేదు.

ఇప్పుడు అసలు సంగతి. ఇక్కడ పోయినేడు వాన లేదు, ఈ ఏడు కూడా లేదు. మేత పక్క రాష్ట్రం నుంచి లారీల్లో వస్తోంది. సెప్టెంబర్‌లో మొదలయ్యే ఇక్కడి వసంతం దాటేసరికి సగం గుర్రాలను తీసేయక తప్పదని రోసారియో అంది. చుట్టుపక్కల అందరూ అమ్మేవాళ్ళే, కొనేవాళ్ళు లేరు. అమ్ముడుపోనివి లారీ ఎక్కుతాయి. ఆ లారీ ఎక్కడికి పోతుందని అడిగాను. కుక్కల మేత తయారుచేసే చోటికి.

కనేలాకి ఒక్క బేరం ఉంది. క్వీన్స్‌లాండ్‌లో గుర్రాల ప్రదర్శన నడిపే మనిషి సెప్టెంబర్‌లో వస్తాడు. కళ్ళెం వేసి, పూర్తిగా తయారైన గుర్రమైతేనే తీసుకుంటాడట. హాకిమాతో ఉన్నది అతనికి అక్కర్లేదు.

కనేలాని వేలంలో కొన్నారు, పుట్టిన తేదీ ఎవరికీ తెలియదు. ఈ వసంతానికి అయిదు నిండుతాయని డాన్ అంచనా. కానీ ఆయన కళ్ళకి పొర కమ్మింది, ఆపరేషన్ వాయిదా వేస్తూ వస్తున్నాడు. నిన్న నన్ను పిలిచి, "నువ్వు పళ్ళ డాక్టరువి. నోరు తెరిచి చూడు. నిండింది అని నువ్వంటే కళ్ళెం వేస్తాను" అన్నాడు.

ఈ మధ్యాహ్నం చూశాను. ముందు వరసలో నడిమివి, వాటి పక్కవి అసలు పళ్ళు. మూలవి మాత్రం పాలపళ్ళు. చిన్నగా, తెల్లగా, చిగురు దగ్గర సన్నంగా. మనిషి పిల్లల పళ్ళలాగే ఉన్నాయి, ఏ విద్యార్థి అయినా గుర్తుపడతాడు. లోపల కింది దవడలో ఒక పాలదంతం చిప్పలా సగం లేచి ఉంది. దాని కింద వాపు. కనేలాకి ఈ వసంతానికి నాలుగేళ్ళే. ఇంకో ఏడాది నోట్లో ఏమీ పెట్టకూడదు. ఇంకో ఏడాదికి ఇక్కడ మేత లేదు.

నిజం చెబితే లారీ. అబద్ధం చెబితే ఆ నోట్లో ఇనుము.

వెలుగు చాలలేదు, రేపు మళ్ళీ చూస్తానని చెప్పి వచ్చాను. వెలుగు సరిపోయింది. నువ్వయితే ఏం చేస్తావు?

లీల


మాసన్ లేక్స్
జులై నెల

లీలా,

ఇందులో అడగడానికి ఏముంది? నోరు తెరిచి చూసినవాళ్ళు చూసింది చెప్పాలి. మనకి వచ్చింది ఆ ఒక్క పనే.

గుర్రాల పళ్ళ గురించి నాకేం తెలుసని ఊరుకోలేక, నీ ఉత్తరం వచ్చిన రోజే కూర్చుని చదివాను. నువ్వు చూసింది సరిగ్గానే చూశావు. ఆ వాపు మీద ఇనుము ఆడితే ఎలా ఉంటుందో ఊహించడానికి పుస్తకం అక్కర్లేదు. మనిషైతే కుర్చీలో చెయ్యి ఎత్తుతాడు. అది ఎత్తలేదు. భరించినంత భరించి ఒక రోజు భరించదు. అప్పుడు దాని మీద ఎవరో ఒకరు కూర్చుని ఉంటారు. నువ్వో, ఆ ముసలాయనో.

గుర్రం పోతుందంటే బాధగానే ఉంది. పోనీ. చెప్పెయ్.

నువ్వు "రేపు చూస్తా" అన్నావంటేనే నాకు భయంగా ఉంది. నీ రేపులు నాకు తెలుసు.

వైశాలి


క్వోర్న్ దగ్గర
ఆగస్టు నెల

వైశాలీ,

నీ ఉత్తరం వచ్చేసరికి కనేలాకి కళ్ళెం వేసి వారం దాటింది. నోరు నిండింది అని చెప్పాను. డాన్ కాసేపు నా వైపే చూసి సరే అన్నాడు. కళ్ళెం తెచ్చి, ఇనుమును చేతుల్లో రుద్ది వెచ్చబరిచి, ఆయనే తొడిగాడు. ఆ పూట రోసారియో నాతో మొదటిసారి నవ్వుతూ మాట్లాడింది. ఆ గుర్రం పుట్టెడు తిని పోతుందనుకున్నా, పనికొచ్చిందే అంది.

చూసినవాళ్ళు చూసింది చెప్పాలి అని రాశావు. ఏడాదికి పైగా నీ కుర్చీ పక్కన సక్షన్ పట్టుకుని నిలబడ్డాను. చిన్న అద్దంలో నీకు కనబడేది నాకూ కనబడేది. స్కూలు టీచరమ్మ ఒకావిడ వచ్చేది, చేతిసంచిలో ఎప్పుడూ పిల్లల బొమ్మలు ఉండేవి. ఆమె కింది పన్నుకి చిన్న ఫిల్లింగ్ చాలు. "ఇది పగిలిపోతుంది, క్యాప్ వేయాలి" అని నువ్వన్నావు, ఇంగ్లీషులో, చాలా మర్యాదగా. ఆవిడ నా వైపు చూసింది. నేను గొట్టం సర్దుకున్నాను. నువ్వు మంచి పన్నును చుట్టూ అరగదీశావు. ఆ పొడి అంతా నేనే గొట్టంతో లాగి తీశాను.

నెలకి ఇన్ని క్యాప్‌లు పడాలని మీ బాస్ అడుగుతాడని నాకు తెలుసు. ఇంటి లోన్ సంగతీ తెలుసు. అందుకే ఏమీ అనలేదు. నువ్వూ అనకు.

కనేలా బాగానే ఉంది. తల కొంచెం ఎక్కువ ఊపుతోంది. నోటి దగ్గర నురుగు వస్తోంది. అది మంచి గుర్తే, నోరు పనిచేస్తోందని అర్థం అంటాడు డాన్.

లీల


మాసన్ లేక్స్
సెప్టెంబర్ నెల

లీలా,

రాసి, చించి, మళ్ళీ రాస్తున్నాను.

ఆవిడ పేరు మార్గరెట్. ఆమె నీ వైపు చూడటం నేనూ చూశాను. నువ్వు వెళ్ళిపోయింది పరీక్ష వల్ల కాదేమోనని నాకు ముందు నుంచీ అనుమానం. క్యాప్‌ల సంగతి మురళికి తెలియదు.

ఇంకేమీ రాయలేను. ఒక్కటి అడుగుతాను. ఆ నురుగు ఏ రంగులో ఉంది?

వైశాలి


క్వోర్న్ దగ్గర
అక్టోబర్ నెల

వైశాలీ,

ఎరుపు.

నీ ఉత్తరం రాకముందే ఎరుపు. తెల్ల నురుగులో దారంలా మొదలైంది. పాఠం అయ్యాక బకెట్లో నీళ్ళు తెచ్చి మూతి కడిగి, తర్వాత లోపలికి తోలేదాన్ని. బేరగాడు వచ్చే రోజు దగ్గర పడింది కదా, కొన్నాళ్ళు ఓర్చుకుంటే క్వీన్స్‌లాండ్‌లో పచ్చికలో ఉంటుంది అనుకున్నాను. కడగడం అయ్యాక కనేలా తల నా భుజం మీద పెట్టేది. అది నన్ను నమ్మిందని అనుకునేదాన్ని. ఇప్పుడు చూస్తే, నొప్పి ఉన్న దవడను ఎక్కడో ఒకచోట ఆనించిందంతే.

బేరగాడు సెప్టెంబర్ నెలాఖరుకి వచ్చాడు. నేను ఎక్కి చూపించాలని ముందు అనుకున్న మాట. డాన్ ఆ పొద్దున మనసు మార్చుకున్నాడు. కొనేవాడు చూడాల్సింది గుర్రాన్ని, నేర్చుకుంటున్న పిల్లని కాదన్నాడు. పగ్గం నేనే చేతికి అందించాను. చెప్పడానికి అప్పుడు కూడా సమయం ఉంది. ఆయన రికాబులో కాలు పెట్టి, ఎక్కి, టోపీ సరిచేసుకునేంత సమయం.

మొదటిసారి బాగా ఆగింది. గీతలు పొడవుగా, తిన్నగా పడ్డాయి. బేరగాడు ఈల వేశాడు. మళ్ళీ ఒకసారి చూపించమన్నాడు. ఈసారి దౌడులోంచి ఆపబోతే కనేలా నోరు తెరిచి, తల పైకెత్తి, వెనక కాళ్ళ మీద నిలబడింది. నిలబడి అలాగే వెనక్కి పడింది. మెక్సికో జీనుకి ముందు భాగంలో కర్ర కొమ్ము ఉంటుంది, అరచెయ్యంత వెడల్పు. గుర్రం బరువుతో అది డాన్ పొత్తికడుపు మీద దిగింది. కటి ఎముక విరిగింది. లోపల రక్తం పోయింది. డాక్టర్ల విమానం రోడ్డు మీదే దిగింది. రోసారియో తండ్రితో ఎక్కి పోర్ట్ ఆగస్టా ఆసుపత్రికి వెళ్ళింది.

బేరగాడు వెళ్తూ "సారీ, లవ్" అన్నాడు, ఇక్కడ అమ్మాయిలని అలా పిలుస్తారు. నాకు చెప్పాడు.

సాయంత్రం పశువుల డాక్టర్ వచ్చింది. నా ఈడు మనిషి. కనేలాకి ఎముకలేవీ విరగలేదంది. తర్వాత నోరు తెరిపించింది. కింది దవడ రెండు వైపులా కోసుకుపోయి ఉంది, ఒకచోట ఎముక కనబడుతోంది. "ఈ బిడ్డకి నోరే నిండలేదు. ఇనుము పెట్టమని ఎవరు చెప్పారు?" అని అడిగింది. నేను టార్చి పట్టుకుని పక్కన నిలబడి ఉన్నాను. ఆమెకి వెలుగు సరిగ్గా పడేలా పట్టుకున్నాను.

లీల


మాసన్ లేక్స్
అక్టోబర్ నెల

లీలా,

మురళి కారు తీసుకుని వస్తానన్నాడు. నేనే ఆపాను. నువ్వు రమ్మంటే ఆ రోజే బయల్దేరుతాడు.

రోసారియోకి చెప్పు. ఆ ముసలాయనకీ చెప్పు. నీకు చెప్పే అర్హత నాకు లేదని తెలిసే చెబుతున్నాను.

నిన్న ఒకాయన వచ్చాడు, ఇంతకు ముందు చూసిన డాక్టర్ క్యాప్ వేయాలన్నాడట. చూశాను. అక్కర్లేదని చెప్పి పంపాను. ఇంటికి వచ్చే దారంతా నీకు ఈ సంగతి రాయాలనుకున్నాను. ఈ రోజు ఇంకొకావిడకి వేయాలన్నాను. నిజానికి అక్కర్లేదు. ఇప్పుడు రెండూ రాస్తున్నాను.

నీ చోట ఇప్పుడు స్నేహ అని విజయవాడ అమ్మాయి నిలబడుతోంది. అక్కడ డెంటిస్టే, ఇక్కడ పరీక్ష రాస్తోంది. నేను పేషెంట్‌తో మాట్లాడేటప్పుడు తల దించుకుంటుంది.

పరీక్ష దగ్గర పడింది. నీ సీటు ఇంకా ఉంది. గరాజ్‌లో అన్నీ ఉన్నాయి. వస్తే పదిహేను రోజులైనా కూర్చోవచ్చు. నీ చేతికి అది చాలు. రావే.

వైశాలి


క్వోర్న్ దగ్గర
నవంబర్ నెల

వైశాలీ,

పోర్ట్ ఆగస్టా వెళ్ళి వచ్చాను. డాన్ బతుకుతాడు. నడవడం కర్రతోనే అంటున్నారు. గుర్రం ఎక్కడం గురించి ఎవరూ మాట్లాడటం లేదు. ఆయనా అడగడం లేదు.

చెప్పాను. మూలవి పాలపళ్ళని, దవడలో వాపు ఉందని, చూసి కూడా నిండిందన్నానని, రక్తం కడిగేశానని. మధ్యలో ఆపకుండా చెప్పాను. ఆయన అంతా విని, దుప్పటి కింద నుంచి కుడి చెయ్యి తీసి బొటనవేలు చూపించాడు.

"కళ్ళు మసకబారినప్పటి నుంచీ పళ్ళు దీంతోనే చూస్తున్నాను. నిన్ను అడగడానికి ముందే తడిమాను. మూలపన్ను కదులుతోంది" అన్నాడు.

"మరి నన్నెందుకు అడిగారు?"

"నువ్వు వద్దంటావని."

తర్వాత ముఖం కిటికీ వైపు తిప్పుకున్నాడు. వద్దు అని తనకి తాను చెప్పుకోలేకపోయాడు. కూతురికీ చెప్పలేకపోయాడు. చదువుకున్న మనిషి చెబితే ఆగిపోవచ్చు అనుకున్నాడు. నేను ఆపలేదు.

లేచి చూస్తే తలుపు దగ్గర రోసారియో ఉంది. చేతిలో రెండు కాఫీలు. అంతా విన్నట్టే ఉంది. కనేలా నోరు మానుతుంది, ఒక ఏడాది ఆగితే, నేనే మేపుకుంటా అని ఏదో అన్నాను. మార్చి తర్వాత ఈ దేశంలో ఉంటానో లేదో తెలియనిదాన్ని. ఆమె ఒక కాఫీ తండ్రి పక్కన పెట్టింది. రెండోది నాకు ఇవ్వలేదు. "లారీ గురువారం వస్తుంది. నువ్వే ఎక్కించు" అంది.

పరీక్షకి రాను. సీటు ఎవరికైనా ఇవ్వగలిగితే ఆ స్నేహకి ఇవ్వు. రోసారియో ఆసుపత్రికీ పొలానికీ మధ్య తిరుగుతోంది, మిగిలిన గుర్రాలకి మేత వేసే మనిషి కావాలి. వెళ్ళిపొమ్మని ఆమె అనలేదు, ఉండమనీ అనలేదు. ఇదేదో త్యాగం అనుకోకు. పరీక్షలో పాసయినా, ఒక మనిషి నోరు తెరిపించి, చూసింది చూసినట్టు చెప్పగలనో లేదో నాకు తెలియదు. అది వాళ్ళు పరీక్షించరు. నీకూ తెలుసు.

మార్చిలో నెల్లూరు వెళ్తాను. వెళ్ళేముందు మీ ఇంటికి వస్తాను. మురళికి చెప్పు. నీ సంగతి ఆయనకి నేను చెప్పను. అది నువ్వే చెప్పుకోవాలి.

ఈ రోజు గురువారం. టపా బండి రేపు వస్తుంది. ఇది దానిలో వేస్తాను.

లారీ పొద్దునే వచ్చింది. అప్పటికే లోపల పక్క పొలాల గుర్రాలు ఉన్నాయి. కనేలాకి హాకిమానే తొడిగి నడిపించాను, నోట్లో ఏమీ పెట్టలేదు. బెదురుతుందేమో, మొండికేస్తుందేమో అని చూశాను. ర్యాంపు ముందు ఆగమంటే ఆగింది. నడవమంటే నా వెంట పైకి నడిచింది. లోపల పట్టీ తీసేశాను. కాసేపు నన్ను వాసన చూసింది.

డ్రైవర్ పెద్దాయన, మాటకారి. చక్కగా నడిచి వచ్చిందే, బాగా నేర్పారు అన్నాడు. వయసెంత అని అడిగాడు.

"నాలుగు" అన్నాను.

"అయ్యో, పసిదే" అని గడియ వేశాడు.

లీల